గుంజల కింద ఉష్ణోగ్రత

దుప్పిమెట్ట కొండ మీద చలి ఉందన్న సంగతి పైవాళ్లకు తెలిసిన ఏడాదే పోలినాయుడికి ఆడపిల్ల పుట్టింది. దొరలు అక్కడ కాఫీ తోటలు వేసిన నాటి నుంచీ ఆ చలి ఉన్నదే. కానీ ఒక పెద్దమనిషి డిసెంబరులో పర్యటనకు వచ్చి, రాత్రంతా బూట్లతోనే పడుకుని, పొద్దున్నే కారెక్కుతూ "ఇక్కడ ఏదో ఒకటి చెయ్యాలయ్యా" అన్నాడు. ఆ 'ఏదో ఒకటి' ఫైలెక్కి, బల్లలన్నీ తిరిగి, 'వెచ్చని పాదం' అనే పథకమై కొండకు వచ్చింది.

పోలినాయుడు కొండతోటల సంస్థలో సీనియర్ అసిస్టెంటు. ఎవరితోనూ పేచీ పెట్టుకునే మనిషి కాదు. పై అధికారి వానలో నిలబడి ఎండగా ఉందంటే, అవునండీ, కాస్త చెమ్మగా ఉంది ఎండ అనగలిగిన నేర్పరి. ఆయన ఉండే సంస్థ క్వార్టరు దొరల నాటిది. చెమ్మా చెదలూ ఎక్కకుండా ఇంటిని రాతి గుంజల మీద ఎత్తుగా నిలబెట్టి, చెక్క పలకలతో నేల వేశారు. నేలకూ భూమికీ మధ్య మనిషి పాక్కుంటూ దూరగలిగినంత ఖాళీ ఉంటుంది. దాన్ని కొండ మీద అందరూ 'గుంజల కింద' అంటారు. అక్కడ కోళ్లూ విరిగిన కుర్చీలూ కాపురం ఉంటాయి. చలి కూడా అక్కడే కాపురం ఉంటుంది. తెల్లవారుజామున లేచి, పలకల సందుల్లోంచి ఇంట్లోకి వచ్చి, పడుకున్నవాళ్ల వీపులు తడుముతుంది.

ఘాట్ రోడ్డు కుదుపులు పడవని డాక్టరమ్మ గట్టిగా చెప్పడంతో పోలినాయుడి భార్య కుసుమ పురిటికి పుట్టింటికి దిగలేదు. పుట్టిల్లే కొండెక్కింది. అంటే వాళ్లమ్మ అప్పలనరసమ్మ ఒక చేత్తో పథ్యం సామాను మూటా, మరో చేత్తో గంపలో కోడిపెట్టా పట్టుకుని బస్సు దిగింది. ఆవిడ పోలినాయుడికి స్వయానా మేనత్త. అందుకని అల్లుడనే మొహమాటం ఆవిడకు అట్టే లేదు. ఇంట్లో అడుగు పెడుతూనే చెప్పులు విడిచి, పలకల మీద కాలు పెట్టి, మళ్లీ చెప్పులు వేసుకుంది.

"ఇదేటిరా నాయుడా, నేలా ఇది? ఐసుగెడ్డా? బాలింతని ఇక్కడ పడుకోబెడతావేటి?"

చెవుల్లో దూది పెట్టింది, తలకు గుడ్డ చుట్టింది, మంచం కింద కుంపటి పెట్టింది. కుంపటి వేడి పలకల సందుల్లోంచి కిందికి పోతోంది, కింది చలి పైకి వస్తోంది. పసిపిల్ల ముక్కు ఎర్రబడింది. తుమ్మినప్పుడల్లా పోలినాయుడి గుండె జారిపోయేది. ఆయనకు ఆ రోజుల్లో వేరే కోరిక లేదు. బిడ్డ కాళ్లు వెచ్చగా ఉండాలి, అంతే.

అలాంటి సమయంలో 'వెచ్చని పాదం' వచ్చింది. గాజు పీచుతో చేసిన పసుపుపచ్చని దుప్పట్లను నేల పలకల అడుగున కొట్టించాలని పథకం. దానితోపాటు ఒక పుస్తకం కూడా వచ్చింది. అందులో గుంజల కింద అనే మాట ఎక్కడా లేదు. 'అధస్తల శూన్య ప్రదేశం' అని ఉంది. పేరు పెట్టాక దానికి మర్యాద కూడా వచ్చింది. పుస్తకం నిండా శూన్య ప్రదేశం సంక్షేమం గురించీ, శూన్య ప్రదేశం పట్ల సిబ్బంది బాధ్యత గురించీ రాశారు. పైన ఉండే మనుషుల ప్రస్తావన ఒక్కచోటే ఉంది. 'శూన్య ప్రదేశానికి పైకప్పుగా వాడుకలో ఉన్న నివాసము' అని.

కంట్రాక్టరు అన్ని క్వార్టర్లకూ ముందువైపు మూర వెడల్పున దుప్పటి కొట్టాడు. వంగి చూసే అధికారి చూపు అంతవరకే పోతుందని ఆయన అనుభవం. పోలినాయుడు మాత్రం సెలవు పెట్టి, లుంగీ ఎగగట్టి, పనివాళ్లతోపాటు తనూ కిందికి దూరాడు. ఈ మూల నుంచి ఆ మూల దాకా, సందు లేకుండా, దగ్గరుండి కొట్టించుకున్నాడు. ఒళ్లంతా దురదలెక్కి బయటికొచ్చాడు గానీ ఆ పూట నుంచే ఇల్లు మారిపోయింది. పలకలు వెచ్చబడ్డాయి. కుంపటి వేడి గదిలోనే నిలిచింది. అత్త చెప్పులు విడిచి తిరిగింది. పిల్ల తుమ్మడం మానేసి, గుప్పిళ్లు విప్పుకుని పడుకుంది. ప్రభుత్వం అంటే ఏమిటో తనకు ఇన్నాళ్లకు అర్థమైందని పోలినాయుడు భార్యతో అన్నాడు.

"నిజమే బావా. ఎవరో గానీ సల్లగుండాలి" అంది కుసుమ.

ఆ ఎవరో ఇంకో పని కూడా చేశారు. పథకం ఎలా నడుస్తోందో క్షణక్షణం తెలియాలని ప్రతి ఇంటి గుంజల కిందా సబ్బుపెట్టె అంత యంత్రం ఒకటి తగిలించారు. అది అక్కడి ఉష్ణోగ్రత చూసి ప్రధాన కార్యాలయానికి పంపుతుంది. అక్కడ గోడంత తెర మీద ప్రతి ఇల్లూ ఒక చుక్క. పదిహేను డిగ్రీలు దాటితే ఆకుపచ్చ, తగ్గితే ఎరుపు. తెర పెట్టిన వారానికే దుప్పిమెట్టలో ఇళ్లన్నీ పచ్చగా వెలిగాయి. ఒక్క పోలినాయుడి ఇల్లు ఎర్రగా మండింది.

డిప్యూటీ ఇంజనీరు ఉమాకాంతం గారు జీపు దిగి, మఫ్లరు సవరించుకుని, వాకిట్లోనే నిలబడ్డారు.

"నాయుడు గారూ, మీ అధస్తలంలో ఏడు డిగ్రీలు చూపిస్తోంది. మొత్తం డివిజను పరువు తీశారు. ఏం చేశారు మీరు?"

"ఏం చెయ్యలేదండి. దుప్పటి బాగా బిగించుకున్నానండి. పై వేడి పైనే నిలుస్తోంది. కిందికి పోవడం లేదండి. అందుకని కింద చల్లబడింది. లోపలికొచ్చి చూడండి సార్, ఇల్లు ఎంత వెచ్చగా ఉందో."

"నేను లోపలికి రాకూడదు. ఇంటి లోపలి ఉష్ణోగ్రత ఉద్యోగి వ్యక్తిగత విషయం. అందులో సంస్థ జోక్యం చేసుకోదు."

"మరి మిగతా ఇళ్లల్లో సార్, వేడంతా పలకల్లోంచి కిందికి కారిపోతోందండి. అందుకే వాళ్లకి పచ్చ. వాళ్లు పైన వణుకుతున్నారండి."

"వణకడం తెర మీద కనపడదు కదండీ" అన్నారు ఉమాకాంతం గారు, ఎంతో ఓర్పుగా. "మీరు చెప్పినదాన్ని నేను ఇలా అర్థం చేసుకుంటున్నాను. శూన్య ప్రదేశానికి చెందవలసిన వేడిని మీరు ఇంట్లో నిలిపివేసుకున్నారు. ఒప్పుకున్నారు కూడా."

మర్నాడే మెమో వచ్చింది. 'పథకపు ఉష్ణమును కుటుంబ అవసరాలకు మళ్లించినందుకు మీపై ఎందుకు చర్య తీసుకోరాదో తెలుపవలెను.' పోలినాయుడు జీవితంలో మెమో ఎరగడు. శాలువా కప్పుకుని కూర్చున్నాడు. చలికి కాదు. ఇల్లు వెచ్చగానే ఉంది, పాపం.

తనకున్న దారి ఆయన చూసుకున్నాడు. కుంపటి నిండా బొగ్గులు రాజేసి, తనే పాక్కుంటూ వెళ్లి యంత్రం కింద పెట్టి వచ్చాడు. యంత్రం పచ్చబడింది. ఆ ఘనకార్యం పూర్తిచేసుకుని మసి మొహంతో ఇంట్లోకి వస్తే అత్త నడుం మీద చేతులేసుకుని నిలబడి ఉంది.

"బాలింత మంచం కింద కుంపటేదిరా?"

"గుంజల కింద పెట్టానత్తా."

"గుంజలకి పురుడొచ్చిందేటి?"

పోలినాయుడు మసి మొహంతోనే బజారుకు వెళ్లాడు. రెండో కుంపటి కొన్నాడు. దాంతో రెండు కుంపట్లూ రాజేయడం, రెంటికీ ఊదడం, ఆఫీసుకు వెళ్తే మధ్యాహ్నం చల్లబడి ఫోను రావడం, పరుగెత్తుకొచ్చి మళ్లీ పాకడం. మోకాళ్లు చెక్కుకుపోయాయి. అది చూసి సంస్థ జాలిపడింది. ఉద్యోగి శ్రమ తగ్గించేందుకు శాశ్వత పరిష్కారం కనిపెట్టింది. ఇంటి నేలకు నాలుగు మూలలా కంచం అంత రంధ్రాలు కోయాలి. దుప్పటిని కూడా అక్కడ కత్తిరించాలి. అప్పుడు ఇంటి వేడి దానంతట అదే కిందికి దిగుతుంది. వాటికి 'ఉష్ణ ప్రసార ద్వారములు' అని పేరు కూడా పెట్టారు. సోమవారం వడ్రంగి వస్తాడని ఉమాకాంతం గారు కబురు చేశారు.

కుసుమ పిల్లను ఒళ్లో పెట్టుకుని, వడ్రంగి కోయబోయే మూలల వంక ఒక్కొక్కటే చూసింది. ఆ చూపుకి పోలినాయుడికి అన్నం సహించలేదు.

అప్పలనరసమ్మ మాత్రం సుష్టుగా తిని, చెయ్యి కడుక్కుని అడిగింది. "ఆ పెట్టికి ఏటి గావాలి?"

"వేడత్తా."

"ఇల్లంతా వేడెక్కాలా? పెట్టొక్కటీ వేడెక్కితే సాలా?"

పోలినాయుడు ఆలోచించాడు. ఇన్నాళ్లూ ఇంజనీర్లతో తిరిగి తిరిగి ఆయనకు ఆ ప్రశ్న తట్టనేలేదు. "పెట్టె ఒక్కటీ చాలు" అన్నాడు.

ఆవిడ తెచ్చిన పెట్ట గుంజల కింద గంపలో గుడ్ల మీద పొదిగి ఉంది. ఆవిడ పెట్టెను మేకు నుంచి ఊడదీసి, తుడిచి, గుడ్ల మధ్య సర్దింది. పెట్ట ఒకసారి గుర్రుమని, రెక్కలు విప్పి, ప్రభుత్వ యంత్రాన్ని కూడా తన కిందికి లాక్కుంది.

ప్రధాన కార్యాలయంలో గోడ మీద చుక్క ముప్పై ఏడు డిగ్రీల దగ్గర ఆగింది. పగలూ రాత్రీ, మంచు కురిసినా వాన కురిసినా, ముప్పై ఏడే. అంత వేడికి తెరలో రంగు కూడా లేదు. కొత్తగా బంగారు రంగు చేర్పించారు. వడ్రంగిని రావద్దన్నారు. మెమో పంపిన చేత్తోనే ప్రశంసాపత్రం పంపారు. పోలినాయుడు దాన్ని అత్త చేతికిస్తే ఆవిడ చదవలేక పెట్టకు చూపించింది.

కథ అక్కడ ఆగిపోతే సంస్థ సంస్థ కాదు. విజయం ఎక్కడైనా దొరికితే దాన్ని వెళ్లి చూడకుండా ఉండలేరు. డైరెక్టరు విశ్వంభర్ గారు స్వయంగా కొండకు వస్తున్నట్టు వర్తమానం వచ్చింది.

డైరెక్టరుగారు వచ్చారు. గుంజల ముందు తివాచీ పరిచారు. ఇక్కడ ఎవరూ ఊహించని చిక్కొకటి వచ్చింది. లోపలికి పాక్కుంటూ వెళ్లాలి. డైరెక్టరుగారు ముందు వెళితే, వెనక పాకే ఉమాకాంతం గారికి డైరెక్టరుగారి వెనుకభాగం తప్ప మరేమీ కనిపించదు. అది వారి హోదాకు తగదు. ఉమాకాంతం గారు ముందు వెళితే ఆ దృశ్యం డైరెక్టరుగారు చూడాలి. అది అసలే తగదు. పక్కపక్కనే వెళదామంటే సమాన హోదా ఇచ్చినట్టవుతుంది. తివాచీ పక్కన అరగంటసేపు సంప్రదింపులు జరిగాయి. చివరికి ఇంటికి నాలుగు వైపులున్నాయని ఎవరో గుర్తించారు. తలా ఒక వైపు నుంచి దూరి మధ్యలో కలుసుకోవాలని నిర్ణయమైంది.

అలాగే దూరారు. తూర్పు నుంచి డైరెక్టరుగారు, పడమట నుంచి ఉమాకాంతం గారు, ఉత్తరాన ఆడిట్ అధికారి, దక్షిణాన పోలినాయుడు. నాలుగు టార్చిలైట్లు మధ్యలో కలిశాయి. ఆ వెలుగులో గంప, గంపలో పెట్ట. పెట్ట నలుగురి వంకా వరసగా చూసి, ముక్కు చాపి, డైరెక్టరుగారి టైని ఒకసారి పొడిచింది.

"ఇదేమిటి?" అన్నారు డైరెక్టరుగారు.

పోలినాయుడికి ఉద్యోగం కళ్ల ముందు కనిపించి మాయమైంది. ఉమాకాంతం గారికి మాత్రం పాతికేళ్ల సర్వీసుంది.

"స్థానికంగా లభ్యమయ్యే జీవ ఉష్ణ విధానం సార్. విద్యుత్తు అవసరం లేదు. పొగ లేదు. మరమ్మతులు దానంతట అదే చేసుకుంటుంది."

డైరెక్టరుగారు చాలాసేపు పెట్టనే చూశారు. బోర్లా పడుకుని ఉండటం వల్ల ఆయనకు ఆలోచించడానికి వీలుగా ఉన్నట్టుంది. "అద్భుతం" అన్నారు చివరికి. "మనం విదేశాల నుంచి పీచు తెప్పించుకుంటున్నాం. సమాధానం మన కాళ్ల కిందే ఉంది."

వారం తిరక్కుండా 'కుక్కుట ఉష్ణ విధానం' అమల్లోకి వచ్చింది. ప్రతి క్వార్టరుకూ ఒక కోడి మంజూరైంది. టెండరు దక్కించుకున్న కంట్రాక్టరు ఫారం కోళ్లు దింపాడు. వాటికి పొదగడమంటే ఏమిటో తెలియదు. గుంజల కింద నుంచి బయటికొచ్చి చలికి నిలువునా వణుకుతుంటే, ఆయా ఉద్యోగులకు 'కోడిని తగిన విధంగా ప్రోత్సహించనందుకు' మెమోలు వెళ్లాయి. ఒక గుమాస్తా కోడి ఎదుట తనే గుడ్ల మీద కూర్చుని చూపించాడని కొండ మీద చెప్పుకున్నారు. అది నిజమో కాదో గానీ ఆయన ప్యాంటు మాత్రం నేను చెప్పలేని స్థితిలో ఉందన్నది నిజం.

అంతవరకూ నవ్వుకోవచ్చు. తర్వాత ఆడిట్ అధికారి కలం తీశాడు. ఒకే శూన్య ప్రదేశానికి దుప్పటీ కోడీ రెండూ ఉండటం ఒకే పనికి రెండు ఏర్పాట్లు చేసినట్టవుతుందని అభ్యంతరం రాశాడు. కోడి విజయం రుజువైంది కాబట్టి దుప్పటి అనవసరం. విప్పి స్టోర్సుకు చేర్చాలి. ఎక్కడ విజయం ముందుగా రుజువైందో అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

పోలినాయుడు బతుకులో మొదటిసారి తెగించి నిజం చెబుదామనుకున్నాడు. ఉమాకాంతం గారి గదికి వెళ్లి నిలబడ్డాడు.

"సార్, కోడి పెట్టెను మాత్రమే వెచ్చబెడుతోందండి. ఇంటికి దానివల్ల ఏమీ లేదు. ఇంటిని కాసింది ఆ దుప్పటేనండి. అది తీస్తే నా పిల్ల చలికి తట్టుకోదు. నెల్లాళ్ల పిల్ల సార్. కావాలంటే నన్ను సస్పెండు చెయ్యండి."

ఉమాకాంతం గారు తలుపు వేయించారు. గొంతు తగ్గించారు. "నాయుడు గారూ, మీరు చెప్పేది నాకు తెలియదనుకున్నారా? మా ఇంట్లో ఆవిడకి మోకాళ్లు పట్టేసి లేవలేకపోతోంది. ఆ దుప్పటేదో మా ఇంటికీ సరిగ్గా కొట్టించుకుందామని నేనే అనుకుంటున్నాను. ఏం చెయ్యమంటారు? డైరెక్టరుగారు కోడి ఫొటోతో ఢిల్లీ వెళ్లారు. కోడి విఫలమైందని ఇప్పుడెవరు చెబుతారు?"

"కోడి విఫలం కాలేదండి. కోడి పని కోడి చేసింది."

"అదే రాసి పంపుతాను" అన్నారాయన, తలుపు తీస్తూ.

మనుషులొచ్చారు. గుంజల కిందికి దూరి, పోలినాయుడు దగ్గరుండి బిగించుకున్న మేకులన్నీ టకటకా ఊడదీశారు. పసుపుపచ్చని దుప్పట్లు చుట్టలు చుట్టి లారీలో వేసుకుని పోయారు. వాళ్ల చప్పుడుకో, రోజులు నిండినందుకో, అదే రోజు పెట్ట గుడ్లు పిల్లలయ్యాయి. పెట్ట లేచి, ఒళ్లు విదిలించుకుని, పిల్లలను వెంటేసుకుని వాకిట్లోకి నడిచిపోయింది. గంపలో పెంకుల మధ్య ప్రభుత్వ యంత్రం ఒంటరిగా మిగిలింది.

సాయంత్రానికల్లా రెండు వార్తలు ఒకేసారి వచ్చాయి. ఒకటి ఫోనులో. 'మార్చి నెలాఖరు దాకా కొనసాగవలసిన పొదుగుటను అనుమతి లేకుండా ముగించినందుకు' వివరణ కావాలి, రేపు పొద్దుటికల్లా ముప్పై ఏడు డిగ్రీలు కనపడాలి. రెండోది లోపలి గది నుంచి. కుసుమ పిలుస్తోంది.

"బావా, దీని కాళ్లు సూడు."

పోలినాయుడు ఉయ్యాల దగ్గరికి వెళ్లి చిన్న పాదాలు రెండూ అరచేతుల్లోకి తీసుకున్నాడు. మంచులా ఉన్నాయి. పెదవులు నీలంగా ఉన్నాయి. పిల్ల ఏడవడం లేదు, అదే ఆయనకు ఎక్కువ భయమేసింది. ఇన్నాళ్లుగా లోపల దాచుకున్నదంతా ఒక్కసారి పొంగుకొచ్చింది. ఆయన ఏడ్చాడు. కోడికి ఉన్న గుర్తింపు తన కూతురికి లేకపోయిందని ఏడ్చాడు. అత్త కుంపట్లు రెండూ లోపలికి లాగింది, కుసుమ పిల్లను గుండెకు హత్తుకుని పైన రెండు దుప్పట్లు కప్పుకుంది. ఒంటి వేడి ఒంటికి తగిలి కొంతసేపటికి పెదవులకు రంగు వచ్చింది.

కుసుమ పిల్ల చంకలో చెయ్యి పెట్టి చూసి, "ఇప్పుడు గువ్వలాగుంది. కోడి కింద గుడ్డులాగ" అంది.

పోలినాయుడు కళ్లు తుడుచుకున్నాడు. లేచి, గుంజల కిందికి దూరి, గంపలోంచి యంత్రం తెచ్చాడు. శుభ్రంగా తుడిచి, మెత్తని గుడ్డలో చుట్టి, కుసుమ పిల్లను ఉయ్యాలలో వేశాక దాని బొంత కింద పెట్టాడు. జీవితంలో ఎవరినీ అడగకుండా ఆయన చేసిన మొదటి పని అది.

చుక్క బంగారు రంగులోకి వచ్చింది. తెల్లవారుజామున ఇల్లు చల్లబడి, చుక్క పచ్చలోకి దిగింది. గంటలో ఉమాకాంతం గారి జీపు వాకిట్లో ఉంది.

"హెడ్డాఫీసు నుంచి ఫోను మీద ఫోను. కోడికి వేడి తగ్గుతోందట. ఏది కోడి?"

"ఇంట్లోకి మార్చానండి."

ఉమాకాంతం గారు ఒక్క క్షణం తటపటాయించి, ఇంటి లోపల వ్యక్తిగత విషయమన్న సంగతి పక్కన పెట్టి, చెప్పులు విడిచి లోపలికి వచ్చారు. చల్లని నేల మీద కాలు పెట్టగానే ఆయన మొహం ముడుచుకుపోయింది. పోలినాయుడు ఉయ్యాల మీది గుడ్డ తొలగించాడు. బొంత అంచున యంత్రం ఎర్ర దీపం మిణుకుమంటోంది. పిల్ల కళ్లు తెరిచి, అధికారిని చూసి, ఆవలించింది.

అప్పలనరసమ్మ చేతిలో పటకారు ఉంది, ఆవిడ దాన్ని కింద పెట్టలేదు.

"కోడి ఆరోగ్యంగానే ఉంది" అన్నారు ఉమాకాంతం గారు, ఆ పటకారు వంక చూస్తూ. "వసతి చాలడం లేదు. పైన పీచు దుప్పటి లేకపోవడంవల్ల చలి తగులుతోంది. అంతేనా నాయుడు గారూ?"

"అంతేనండి."

"కోడి కోసమైతే ఆడిట్ అభ్యంతరం ఉండదు. కోడి సంస్థ ఆస్తి."

ఆ మధ్యాహ్నమే లారీ వెనక్కి వచ్చింది. 'కుక్కుట రక్షణ నిమిత్తము' దుప్పట్లు మళ్లీ గుంజల కిందికి ఎక్కాయి. కొత్త మేకులతో, మూలమూలలకూ, ఈసారి ఉమాకాంతం గారే టార్చి పట్టుకుని దగ్గరుండి కొట్టించారు. ఇంకో లారీ ఆయన ఇంటికి వెళ్లింది. అక్కడ కూడా కోడి ఉందని రాసుకున్నారు. చుక్క కిందికి దిగినప్పుడల్లా ప్రధాన కార్యాలయం కంగారుపడింది. బొగ్గుల బస్తాలు పంపింది. ఉన్ని కంబళి పంపింది. బలం కోసం రాగిపిండీ బెల్లమూ పంపింది. అప్పలనరసమ్మ వాటితో బాలింతకు జావ కాచి పోసింది. ఒకరోజు ఉష్ణోగ్రత అర డిగ్రీ ఎక్కువ చూపితే, కోడికి జ్వరమేమోనని కొండ కింది నుంచి పశువైద్యుడిని పంపించారు. ఆయన వచ్చి, చూసి, ఏమీ అనకుండా పక్క వీధిలోని డాక్టరమ్మను పిలుచుకొచ్చాడు. ఉద్యోగం మీద ఆయనకూ తీపి ఉంది.

బిడ్డ కోసం పోలినాయుడు అడిగిన రోజున ఇందులో ఒక్కటీ రాలేదు. ఆ సంగతి తలుచుకుంటే ఆయనకు ఇప్పటికీ కడుపు మండుతుంది. కానీ పిల్ల బుగ్గలు తేరాయి, కాళ్లు ఎప్పుడు ముట్టుకున్నా వెచ్చగా ఉన్నాయి. అందుకని మంటను కడుపులోనే ఉంచుకున్నాడు.

బారసాల నాడు ఇంటి నిండా జనం ఉండగా డైరెక్టరుగారి నుంచి ఫోను వచ్చింది. ఢిల్లీలో కుక్కుట విధానానికి బహుమతి వచ్చిందట. గొంతు నిండా సంతోషం.

"ఎలా ఉందోయ్ మన కోడి?"

పోలినాయుడు ఉయ్యాల వంక చూశాడు.

"ఇప్పుడే పాలు తాగి పడుకుందండి."

"వెరీ గుడ్" అన్నారు డైరెక్టరుగారు. "లేపకండి."